కాడ్మియం లేదన్న కడ్డీ

మా తమ్ముడు తెనాలిలో ఫ్రిజ్‌లు, కోల్డ్ రూములు బాగుచేసేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. రాగి గొట్టాన్ని రాగి గొట్టానికి అతకడానికి మంటతో కరిగించే చవక కడ్డీ చాలు. రాగిని ఇనుముకు అతకాలంటే వెండి కలిసిన కడ్డీ కావాలి. అందులో కాడ్మియం అనే లోహం కలిపినది తక్కువ వేడికే కరిగి నీళ్లలా పారుతుంది, చవక కూడా. కాని దాని పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది. కాడ్మియం లేనిది కాస్త మొండిది. ఇదంతా చదివి తమ్ముణ్ణి హెచ్చరించింది నేనే.

కడ్డీలు కొనిపెట్టిందీ నేనే. బాపట్లలో నా మిత్రుడొకడు వెల్డింగు సామాన్ల కొట్టు పెట్టాడు. ముహూర్తాలకు, బాబాలకు వ్యతిరేకంగా హేతువాద సభల్లో నాతోపాటు వేదికలెక్కి వాదించినవాడు. ఆ కొట్టును పట్టుబట్టి రాహుకాలంలోనే తెరిచాడు. నేను చప్పట్లు కొట్టాను.

"కాడ్మియం లేనిదేనా?" అని అడిగాను.

"లేనిదేనండి. నా దగ్గర కూడా అనుమానమేంటండి?" అని నవ్వి, కడ్డీలను పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. పెట్టె చూపించమనడానికి సిగ్గుపడ్డాను. దేవుణ్ణే రుజువు అడిగినవాణ్ణి!

రేపల్లెలో రొయ్యలు దాచే కోల్డ్ రూములో పని. నేనూ తోడు వెళ్లాను. తమ్ముడు లోపల అతుకు వేస్తుంటే, ఆ ఆవరణలోనే మోటార్లు బాగుచేసే ముసలి సాయిబు గుమ్మంలో ఆగాడు.

"అంత తేలిగ్గా పారుతోందేంటి బాబూ? పొగ చూడు, పసుపుపచ్చగా ఉంది. ముందు బయటికి రా!"

"మంచి కడ్డీయే తాతా, మా అన్నయ్య తెచ్చాడు" అంటూ తమ్ముడు ఆ అతుకు పూర్తయ్యాకే లేచాడు.

తెల్లారేసరికి జ్వరం, ఆయాసం. ప్రాణం దక్కింది గాని పాత ఊపిరి తిరిగి రాలేదు.

బాపట్ల వెళ్లాను. కొట్టులో ఆ కడ్డీల పెట్టె ఎదురుగానే ఉంది. దాని మీద కాడ్మియం అని అచ్చయి ఉంది.

"నీకు తెలుసా?"

"తెలుసండి. ఆ మొండి రకం ఎవరు కొంటారు? అయినా ఎవరి మాటా ఊరికే నమ్మొద్దని మైకులో చెప్పింది మీరేగా గురువుగారూ! పెట్టె అడిగి చూసుకోవాల్సింది."

ఎన్నో వాదాలు గెలిచినవాణ్ణి, ఆ గుమ్మం దిగి బస్టాండు దారి పట్టాను.

తమ్ముడు ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతాడు. "మన సభలవాడేగా అన్నయ్యా, నువ్వు మాత్రం ఏం చేస్తావ్?" అంటాడు. ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. అదే పొట్లం ఏ కాషాయం కట్టినవాడో ఇచ్చి ఉంటే, పరీక్ష చేయించకుండా నా గడప దాటనిచ్చేవాణ్ణి కాదు.