జలగ ఎంగిలి

జలగలు పట్టించడం మా అత్తింటి పని. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఎవరి కాలు వాచినా, నెత్తురు గడ్డకట్టి నల్లబడినా మాకే కబురొచ్చేది. జలగ తాగేది కాస్తే. అసలు పని దాని ఎంగిలిది. అది కలిసినచోట నెత్తురు గడ్డకట్టదు, జలగ ఊడిపోయాక కూడా చాలాసేపు కారుతూనే ఉంటుంది. వాపు దిగేది అందుకే. ఆగాలంటే పటిక పొడి అద్ది, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టాలి.

మా ఊరి పటేల్‌ను మాత్రం మేము ముట్టకూడదు. జలగను కూడా ఆకుతో పట్టుకునే పెట్టాలి.

నా పెనిమిటి ఆ పటేల్ చేనులోనే పోయాడు. జొన్న కోస్తుంటే కొడవలి జారి తొడలో దిగింది. దవాఖానకు తీసుకుపోదామని కూలీలు అతన్ని పటేల్ బండి దగ్గరికి మోసుకొచ్చారు. "బండి ముట్టనియ్యకుండ్రి, మైలపడుతది" అన్నాడు పటేల్. చేతులమీద మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ పటేల్‌కు నా ఉసురు తగలాలని మొక్కుకోని పొద్దు లేదు.

కొన్నేళ్ళకు పటేల్ కాలు వాచింది. మనిషి వచ్చి పిలిచాడు. అత్త పోవద్దంది. నేను జలగల కుండ ఎత్తుకొని పోయాను.

వాకిట్లో మంచం వేసుకొని పడుకున్నాడు. చుట్టూ కూలీలు. పిక్కమీద నాలుగు జలగలు పెట్టి ఆగాను.

"ఇంకిన్ని పెట్టవే, జల్దీ తగ్గాలె."

"కారుడు ఎక్కువైతది పటేలా."

"నువ్వు జెప్పుడేంది? పెట్టు!"

సరే, నాదేం పోయింది? కుండలో ఉన్నవన్నీ పెట్టాను.

ఉప్పు చల్లితే ఒక్కొక్కటే ఊడిపడ్డాయి. నెత్తురు మాత్రం ఆగలేదు. మా జలగ నోరు పెట్టిన కాలు మైల అని, స్నానమయ్యేదాకా ఇంట్లోవాళ్ళెవరూ ముట్టరు. భార్య దూరంనుంచే పటిక పొడి చల్లింది. నెత్తురుతోపాటే అది కొట్టుకుపోయింది. మంచం కింద మడుగు కట్టింది. పటేల్ మొహం పాలిపోయింది.

"ఏందే గట్ల సూస్తున్నవ్? ఆపు!"

"ఆపాల్నంటే నొక్కి పట్టాలె పటేలా. నిన్ను ముట్టాలె."

నేను చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నా కడుపు చల్లబడింది. నా పెనిమిటిని మోసినవాళ్ళు అక్కడే నిలబడి చూస్తున్నారు.

"ముట్టు" అని గొణిగాడు.

"ఇనవడలే."

"ముట్టవే! నీ కాల్మొక్కుత, ముట్టు!"

పటిక అద్ది నొక్కాను. కావలసినదానికంటే గట్టిగానే నొక్కాను. మూలిగాడు. అందరికీ వినపడేలా అన్నాను: "నా పెనిమిటిని గూడ గిట్లనే నొక్కిపట్టి బండిల ఏస్తే బతుకుతుండె."

పటేల్ కళ్ళు మూసుకున్నాడు. నెత్తురు ఆగేదాకా నేను చెయ్యి తీయలేదు. చంపాలనుకుంటే లేచిపోయేదాన్ని. చచ్చినవాడికి సిగ్గెక్కడిది?

ఆ తర్వాత పటేల్ చాలా ఏళ్ళు బతికాడు. అంగడిలో నన్ను చూస్తే తల దించుకొని పక్కసందులోకి తిరిగేవాడు. నేను పని మానుకొని మరీ, ఆ సందు అవతలి కొసకు పోయి నిలబడేదాన్ని.