మగ్దలేనమ్మకు నచ్చని దారం

మెట్‌పల్లిలో మిషన్ మీద బొంతలు కుట్టే మగ్దలేనమ్మ ప్రతి దారాన్నీ వేళ్లకు చుట్టి, గుంజి చూస్తుంది. సులువుగా తెగకపోతే విసిరేస్తుంది. పాతబట్టకు గట్టి దారం వేస్తే బట్టనే కోస్తుందట. నచ్చితే మాత్రం సూది కింద బొంతను రెండు అరచేతులతో ముగ్గు వేసినట్టు తిప్పుతుంది.

జ్వరంతో చనిపోయిన కూతురు స్తుతి చీరలు మొన్న ముందేసుకుంది, మనుమరాలికి బొంత కుట్టాలని. ఒక దారం గట్టిదంది. ఇంకొకటి రంగు దిగుతుందంది. పక్కింటి లస్మవ్వ నవ్వింది.

"నీ నకరాలకు దుకాణపోడు ఊరిడిసి పోతడక్కా. గీ తెల్లదారానికేమైంది?"

"ఏం గాలే. మంచిగనే ఉన్నది."

"మరి కుట్టరాదు?"

"చిన్నప్పటి సంది మా స్తుతికి సూదంటే భయం, లస్మవ్వా."

మనుమరాలు ఇప్పుడు కుట్టని చీరలే కప్పుకుంటోంది.