ఏ దేశం కారు మంచిది?

నేను చదవడం నేర్చుకున్న ఏడాదే ఇంట్లో కారు కొనాలనుకున్నారు. మా ఆయన జపాన్, జర్మనీ, కొరియా కార్ల కాగితాలు నా ముందు పెట్టి, "నువ్వే సదివి చెప్పు, నువ్వన్నదే తీస్కుందం" అన్నాడు. ఆయన నన్ను సలహా అడగడం అదే మొదటిసారి.

కూడబలుక్కుంటూ చదివాను. జర్మనీ కారుకు వేగం ఎక్కువట, జపాన్ కారుకు మైలేజీ ఎక్కువట. ఏది గొప్పో అర్థం కాలేదు. నాగావ్‌లోని మా బట్టల కార్ఖానాలో సాంచె, అంటే కరెంటు మగ్గం, వేగం పెంచితే దారాలు తెగుతాయి. అందుకే అన్నిటికన్నా నిదానంగా పోయే కొరియా కారు చెప్పాను.

"సాంచె లెక్క జూస్తవా? కారుల దారమేడుంటదే?" అని నవ్వాడు.

"మరి జోరుగ పోతె కారుకేం తెగుతది?"

"ఏమో, మళ్ల సదువు" అంటూ కాగితాలు నా వైపే జరిపాడు.