రాయబారి తాగిన చాయ్

పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో, వలసొచ్చిన మా కూలీలకు పెద్దదిక్కు కాకా. ఏదో పాత పుస్తకంలో ఫ్రాన్స్, స్పెయిన్ రాయబారుల చరిత్ర చదివి, పదేపదే అదే చెప్పేవాడు. "అవతలి రాజు కానుకిస్తే రాయబారి ముట్టొద్దు బిడ్డా. ముట్టిండంటే ఇగ మనోడు కాదు." మా తరఫున మిల్లు ఓనరు సేఠ్ దగ్గరికి వెళ్తే చాయ్ కూడా తాగేవాడు కాదు.

పోయినేడు ఆదివారం సెలవు అడగమని అతన్నే నమ్మి పంపాం. ఆఫీసు అద్దంలోంచి చూశాను. కాకా సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. బయటికొచ్చి, "సేఠ్ ఒప్పుకోలే, జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు. మర్నాడే సూపర్‌వైజరయ్యాడు. సెలవు రానందుకు కాదు, అలా ఊదుకున్నందుకు మండింది నాకు.

ఈ ఏడు అదే సెలవు అడగడానికి తోటి కూలీలు నన్ను పంపారు. ఆఫీసులో సేఠ్ పక్కన కూర్చున్న కాకా చాయ్ నా ముందుకు జరిపాడు.

"నువ్వే చెప్పినవు గదా కాకా," అన్నాను.

కప్పు వెనక్కి లాక్కుని తనే తాగేశాడు.