గంట ఎక్కువ అడిగిన సత్యశ్రీ

సత్యశ్రీకి చూపు ఆనదు. ఎదుటి మనిషి మొహం ఆవిరి పట్టిన అద్దంలోలా ఉంటుంది. అచ్చు అక్షరమైతే ముక్కుకు తగిలిస్తే తప్ప దొరకదు. బర్మాలో, తామ్వే పేటలోని వాళ్ల వీధికి ఈ సంగతి పంతొమ్మిదేళ్లుగా తెలియదు. తెలియనిస్తే కదా! చిమిండైంగ్ బజారులో ఎండుచేపలు అమ్మే వాళ్లమ్మ మంగాయమ్మ, పిల్లకు నడక వచ్చిన నాటినుంచి ఒకటే పాఠం చెప్పింది: "తడుంకోకు. నలుగురూ సూత్తారు."

తడుముకోలేదు. మెట్లు లెక్కపెట్టి ఎక్కేది, గొంతు పోల్చి మనుషుల్ని పలకరించేది. బడిలో పిల్లలంతా గొంతులు చించుకుని పాఠం వల్లించేవారు గనుక విని నేర్చుకుంది. కళ్లున్నవాళ్లు కిటికీలోంచి కాకుల్ని చూస్తుంటే, ఈ పిల్ల మార్కులు పట్టుకుపోయింది.

యూనివర్సిటీలో వల్లింపు లేదు. బోర్డు మీద రాయడం, చెరిపేయడం. పరీక్షలో ప్రశ్నలు వెతుక్కోవడానికే సగం సమయం పోయి మొదటి ఏడు ఒక పేపరు తప్పింది. మళ్లీ తప్పితే చదువుకు సెలవే. చూపు తక్కువ వాళ్లకు పెద్దచ్చు పేపరూ, గంట ఎక్కువ సమయమూ ఇస్తారని గోడమీది నోటీసు స్నేహితురాలు విజయ పైకి చదువుతుంటే విన్నది.

అడగడానికి మంగాయమ్మ ఒప్పుకుంది గాని బింకం వదల్లేదు. ముందురోజే కూతుర్ని ఆఫీసుకు తీసుకుపోయి మెట్లెన్నో, గుమ్మంనుంచి బల్లకు అడుగులెన్నో లెక్కపెట్టించింది. దరఖాస్తులో సంతకం ఎక్కడ పెట్టాలో జానతో కొలిచి నేర్పింది. చూపు లేదని చెప్పుకోబోయే పిల్లను చూపున్న పిల్లలా తయారుచేసింది. ఆ తల్లిని ఏమనాలి!

మర్నాడు సత్యశ్రీ దొరసానిలా నడిచివెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని, గీత తప్పకుండా సంతకం పెట్టింది. డా తిన్ అనే ఆఫీసరమ్మ, కంటి డాక్టరు ఇచ్చిన కాగితం పక్కకు తోసి నవ్వుతూ బర్మా భాషలో అంది, "నాకన్నా నీకే బాగా కనిపిస్తున్నట్టుందే! ఇది నిజంగా చూపు లేనివాళ్లకమ్మా."

మంగాయమ్మకు అది మెప్పులాగే వినిపించింది కాబోలు, "లెగే, ఎల్దాం," అంది.

సత్యశ్రీ లేవలేదు. "సయామా," అని టీచరమ్మను పిలిచినట్టు మర్యాదగా పిలిచి, "మీ బల్లమీద ఏదో ఒక కాగితం ఇవ్వండి," అంది.

ఇచ్చింది. వెనక వరసకట్టిన పిల్లలందరి ఎదుటా ఆ కాగితాన్ని ముక్కుకు ఆనించి, ఒక్కో అక్షరం ఏరుకుంటూ చదివింది. పంక్తి తప్పింది. మళ్లీ మొదలెట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఓలమ్మో, దించియ్యే! అందరూ సూత్తన్నారు!" మంగాయమ్మ జాకెట్టు పట్టి లాగింది.

"సూడనీ. అందుకే గదా వొచ్చాం."

మూడో పంక్తికి వచ్చేసరికి డా తిన్ కాగితం తీసేసుకుంది. "మరి మెట్లెలా ఎక్కావు?"

"నిన్న వచ్చి లెక్కపెట్టుకున్నాం. పద్నాలుగు."

డా తిన్ తల్లివైపు ఒకసారి చూసి, కాగితం మీద మంజూరు రాసింది.

"నా పరువు తీసేసినావు గదే," అంది మంగాయమ్మ వరండాలోకి రాగానే.

"తీసేత్తే తీసేసేను. గంట దొరికింది."

అలా అన్న మంగాయమ్మే, వారం తిరక్కుండా బజారులో బేరానికొచ్చిన ప్రతి మనిషికీ, "మా గుంట ఒక్కదానికే ఏరేగా అచ్చేత్తారు, ఎరికేనా?" అని చెప్పుకుంటూ కూర్చుంది.

పరీక్షలో సత్యశ్రీకి నలభై నిమిషాలు మిగిలాయి. తను రాసింది తనే తిరిగి చదువుకోవడం ఆమెకదే మొదటిసారి. రెండు తప్పులు దొరికాయి. దిద్దుకుంది.