అడవిలో లేని రూలు

ఆ అక్కాచెల్లెళ్లకు సొంత పేర్లున్నా వీధిలో వాటితో పిలిచేవాళ్లు లేరు. గుడ్డ కత్తిరించే పెద్దామె కత్తెరక్క. కుట్టే చిన్నామె మిషనక్క. వీధివైపు గదిలో కిటికీ కింద మిషను, ఎదురుగా గోడ పొడవునా బల్ల. లోపలి గదుల్లో కాపురం. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి కత్తెరక్క ఎడమకాలు పొట్టిదైపోయింది. బల్లకు ఆనుకుని నిలబడితే ఎవరికీ తెలియదు, నడిస్తేనే తెలుస్తుంది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, పొద్దస్తమానం మగవాళ్ల కొలతలు తీసేది చాలక ఇంట్లో కూడానా అని నవ్వేసేది. చెల్లెలికి పని నేర్పింది, పెళ్లి చేసింది ఆవిడే.

ఆ ఏడు మిషనక్క భర్త పనిచేసే ప్రెస్సువాళ్లు కుటుంబాలతో సహా అడవికి వెళ్లాలనుకున్నారు. కొండ మీది జలపాతం దాకా నడక, రాత్రికి గుడారాలు. కత్తిరింపు బల్ల పెద్దది కాబట్టి సాయంత్రాలు అందరూ అక్కడే చేరి మ్యాపు పరిచేవారు. స్టవ్ ఎవరు తేవాలి, వాన పడితే ఏం చేయాలి, జలగలు పడితే ఉప్పు చల్లాలా వద్దా అని ఒకటే చర్చ. అందరికంటే కత్తెరక్కకే హుషారెక్కువ. కత్తిరింపులో మిగిలిన గుడ్డముక్కలన్నీ ఏరి అందరికీ టోపీలు కత్తిరించింది. తన తలకూ టేపు చుట్టి చూసుకుంది.

ఒక సాయంత్రం, ప్రెస్సులో మిషనక్క భర్తకు స్నేహితుడైన ఒకతని భార్య వెళ్తూ వెళ్తూ గుమ్మం బయట, "మీ అక్కగారు కూడా వస్తారా?" అని అడిగింది. ఉత్తినే అడిగింది, అంతే. మిషనక్కకు మాత్రం చెవులు వేడెక్కాయి. నెల కిందట బజార్లో ఎవరో పిల్లలు అక్క వెనకాలే ఆమెలా కుంటుతూ నడిచారు. వాళ్లను కసరాల్సింది పోయి, తను చప్పున నాలుగడుగులు ముందుకేసి, ఆవిడెవరో తనెవరో అన్నట్టు నడిచింది. అడవి పొడవునా అదే జరుగుతుందని, పది మందీ ఆగి ఆగి వెనక్కి చూస్తారని అనిపించింది.

"లేదండీ, తనకు కుదరదు" అనేసింది.

అన్నమాటను నిజం చేయడానికి మర్నాడే అబద్ధం ఆడాల్సి వచ్చింది. మిషనులో దారం చుట్టిన బాబిను మారుస్తూ, తలెత్తకుండా చెప్పింది. "అక్కా, అక్కడేదో రూలుందట. కాలు బాగాలేనివాళ్లను గేటు దాటనివ్వరట."

కత్తెరక్క సుద్దగీతను చివరిదాకా గీసింది. "రూలంటే రూలే కదా. వాళ్ల భయం వాళ్లది" అంది కత్తెరక్క. తన టోపీ ముక్కను చిన్నది చేసి, ఆ స్నేహితుడి కూతురికి కుట్టమని మిషను పక్కన పెట్టింది. మిషనక్క కుట్టింది. దారం ఊరికే తెగుతూ వచ్చింది. భర్త అడిగితే, అక్కకే రావాలని లేదని ఇంకో అబద్ధం చెప్పింది.

ప్రయాణం దగ్గర పడింది. ఒకరోజు అడవి గార్డు ఒకతను ఖాకీ ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు. కత్తెరక్క టేపు చుడుతూ, మామూలుగా అడిగింది. "ఏమండీ, మీ గేటు దగ్గర కాలు సరిగా లేనివాళ్లను ఆపేస్తారట కదా?"

అతను తెల్లబోయాడు. "ఎవరు చెప్పారమ్మా? అలాంటిదేం లేదు. కొండ కింది వాగు దాకా చదునైన బాటే. మా అమ్మ చేతికర్రతో వస్తుంది."

మిషను చప్పుడు ఆగిపోయింది. కత్తెరక్క చెల్లెలి వైపు ఒక్కసారి చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది. "అయితే నేనే తప్పుగా విన్నట్టున్నాను. నా చెవులకూ వయసొచ్చింది" అంటూ కొలత చెప్పింది. మిషనక్కకు ఆ అంకె వినపడలేదు. అక్క తిట్టి ఉంటే బాగుండేది. తనను కాపాడటానికి తప్పు మీదేసుకుంది.

ఆ రాత్రి అన్నం దగ్గర మిషనక్క కంచంలోకి చూస్తూ, నువ్వూ రా అక్కా అంది. కత్తెరక్క బెట్టు చేయలేదు, ఎందుకని అడగలేదు. సరే అంది.

అడవిలో మిగిలినవాళ్లు కొండెక్కుతుంటే మిషనక్క మాత్రం వాగు ఒడ్డున అక్క పక్కనే కూర్చుంది. కత్తెరక్క చెప్పులు విడిచి నీళ్లలో కాళ్లు పెట్టింది. నెమ్మది మీద అంది. "నువ్వూ వెళ్లు. ఇలా మొహం వేలాడేసుకుని కూర్చుంటే నాకు అడవి కనపడదు."

"అక్కా, ఆ రూలు..."

"తెలుసు. నువ్వు చెప్పిన రోజే తెలుసు. నీకు అబద్ధం ఆడటం ఎప్పుడొచ్చింది గనక? ఆ గార్డును నీ ఎదుటే కావాలనే అడిగాను. నీకు బుద్ధి రావాలనుకున్నాను. తీరా నీ మొహం చూశాక, ఎందుకు అడిగానా అని నాకే సిగ్గేసింది."

మిషనక్క ఏడ్చింది. క్షమించమని అడగబోతే కత్తెరక్క నీళ్లు చిలకరించి, ఇంక చాల్లే వెళ్లు అంది. వెళ్లింది. జలపాతం దగ్గర అందరూ కేరింతలు కొడుతుంటే రాతి మీద కూర్చుని తిరిగి వచ్చేసింది. వచ్చేసరికి కత్తెరక్క ఎవరో కొత్తవాళ్లతో కబుర్లలో పడి నవ్వుతోంది.

ఆ తర్వాత చాన్నాళ్లు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ కత్తెరక్క అడవి సంగతులే చెప్పేది. నీళ్ల చల్లదనం, చెట్టు బెరడు మీద నడిచే పురుగు, తనకు పేరు తెలియని పిట్ట కూత. మా చెల్లెలే పట్టుబట్టి తీసుకెళ్లిందండీ అనేది. ఆ మాట దగ్గర మిషనక్క తల ఇంకాస్త వంచుకుని, కుట్టక్కర్లేని చోట కూడా మిషను తొక్కేది.