అడ్డపొగ అత్త

బుల్లమ్మకి చుట్ట అలవాటు చేసింది వాళ్ల అత్తగారు. పెళ్లయి వచ్చిన రెండో ఏడు, వానలో ఊడుపులు ఊడుస్తూ చలికి వణికిపోతున్న కోడల్ని గట్టు మీదికి పిలిచి, తన నోట్లో చుట్ట తీసి ఆమెకిచ్చింది. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పెదాలు బిగించాలి. దాన్ని అడ్డపొగ అంటారు. వాన పడినా గాలి కొట్టినా ఆరదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆమదాలవలస అవతల నాగావళి కాలువ కిందున్న ఆ ఊళ్లో నడివయసు ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవారు. అందులో ఎవరికీ వింత కనపడేది కాదు, నవ్వూ వచ్చేది కాదు.

ఆమె మొగుడు సాలూరులో లారీ క్లీనరుగా కుదిరి, ఘాట్ రోడ్డు మీద బండి బోల్తాపడి పోయాడు. అప్పటికి కూతురు శైలజకి ఆరేళ్లు. బుల్లమ్మ మళ్లీ ఎవరి గడపా తొక్కలేదు. ఊడుపులకీ కోతలకీ వెళ్లి పిల్లని పెంచి, పెద్దదాన్ని చేసి, అదే ఊళ్లో పెళ్లి చేసింది. ఊళ్లో ఆమెకి ఉన్న పేరల్లా గొంతు వల్ల వచ్చిందే. ఊడుపుల్లో ఆమె పాట అందుకుంటే పక్క చేలో ఆడవాళ్లు కూడా ఇటు తిరిగి వంత పాడేవారు. గొంతు సన్నంది కాదు, మోటుగా ఉండేది, కానీ దూరం పోయేది.

పృథ్వీరాజ్ ఆ పాట కోసమే వాళ్ల ఊరొచ్చాడు. ఆమదాలవలస బజార్లో కిరాణా కొట్టు రంగనాథంగారి రెండో కొడుకు అతను. కొట్లో పొట్లాలు కడుతూ పాడిన పల్లెపాటల్ని ఫోన్లో పెడితే, రెండేళ్లు తిరక్కుండానే శ్రీకాకుళం నుంచి సాలూరు దాకా అతని పాట మోగని ఆటో లేకపోయింది. ఆ ఊపులో సినిమా మొదలుపెట్టాడు. పేరు 'జీడిపప్పు అల్లుడు'. కథ పెద్దగా ఏమీ లేదు. జీడిపప్పు అమ్ముకునే కుర్రాడొకడు అత్తారింటికొస్తాడు, గయ్యాళి అత్త పొమ్మంటుంది, వాడు పాట పాడి ఆమెని మెత్తబరుస్తాడు. మధ్యలో ఆరు పాటలు, చీపురుకట్టలతో ఒక ఫైటు. రెండు గంటలు నవ్వుకుని ఇంటికి పోయే సినిమా.

ఊడుపుల పాట తీస్తున్న రోజున బుల్లమ్మ నాలుగు చరణాలు పాడింది. పృథ్వీరాజ్ తల ఊపుతూ విన్నాడు. కాసేపు పని ఆపినప్పుడు ఆమె అలవాటు ప్రకారం చుట్ట తిరగేసి నోట్లో పెట్టుకుంది. ముక్కులోంచి పొగ వచ్చింది. కెమెరా పట్టుకున్న ఆనంద్‌కుమార్ విశాఖపట్నం వాడు, ఎప్పుడూ అలాంటిది చూడలేదు. పగలబడి నవ్వాడు. పృథ్వీరాజ్ నవ్వలేదు. ఆమెనే చూస్తూ నిలబడి, దగ్గరికొచ్చి అడిగాడు.

"పిన్నీ, ఇంకోపాలి అలాగ పెట్టుకో. కోపమొచ్చినట్టు నా ఏపు సూడు."

ఆమె చూసింది. ఆ చూపుతోనే గయ్యాళి అత్త వేషం ఆమెదైపోయింది. కోపం వచ్చినప్పుడల్లా ఆ అత్త మండుతున్న చుట్టని తిరగేసి గభాలున నోట్లో పెట్టుకుంటుంది, ముక్కుపుటాల్లోంచి పొగ వదులుతుంది, అల్లుడు పరుగెత్తుతాడు. పాట మాత్రం ఆమెకి దక్కలేదు. ఆ నాలుగు చరణాలనీ సంగీతం నేర్చుకున్న వేరే గాయనిచేత పాడించారు. అది తెలిసినప్పుడు బుల్లమ్మకి ఎక్కడో చివుక్కుమంది. 

సినిమా ఆడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న హాళ్లన్నీ నిండాయి. తర్వాత అది ఫోన్లలోకెక్కింది. బుల్లమ్మ పేరు అందరూ మరిచిపోయారు, అడ్డపొగ అత్త అంటే మాత్రం పిల్లలక్కూడా తెలుసు. సంతకెళితే చుట్టూ మూగి, ఓపాలి పొగ వదలమని అడిగేవారు. ఆమె వదిలేది. ఆ రోజులు ఆమెకి బాగున్నాయి, దాచుకోవడం దేనికి? మొగుడు పోయాక పాతికేళ్లుగా ఆమె ముఖాన్ని ఇష్టంగా చూసినవాళ్లు లేరు. ఇప్పుడు శ్రీకాకుళంలో బట్టల కొట్టు షావుకారు కూడా కుర్చీ వేయించి కూర్చోబెడుతున్నాడు.

మామూలుగా ఆమె పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కాల్చేది. షూటింగులో లెక్క వేరు. ప్రతిసారీ చుట్ట నిండుగా కనపడాలి, నిప్పు ఎర్రగా ఉండాలి. ఎవరో నవ్వినా, మేఘం అడ్డొచ్చినా మళ్లీ మొదటి నుంచి. ఒక సన్నివేశానికి పదిహేడు చుట్టలయ్యాయి. రెండో సినిమా 'జీడితోట పెళ్లి' అయ్యేసరికి ఆమెకి చారులో కారం తగిలితే అంగిలి భగ్గుమనేది. చల్దన్నం, మజ్జిగ తప్ప ఏదీ దిగేది కాదు.

ఊరి నర్సమ్మ ధనలక్ష్మి బీపీ మాత్రలివ్వడానికొచ్చి, ఆమె అన్నం ముద్దని నాలికతో పక్కకి తోసుకుంటూ తినడం చూసింది. నోరు తెరవమని టార్చి వేసింది. అంగిలంతా తెల్లగా దళసరి కట్టి, మధ్యలో రేగుపండంత పుండు ఉంది. ధనలక్ష్మి టార్చి ఆర్పేసింది. తర్వాత, పొగ ఈ క్షణం నుంచి మానెయ్యాలనీ, రేపే విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లి ముక్క తీయించి పరీక్ష చేయించుకోవాలనీ గట్టిగా చెప్పింది.

బుల్లమ్మ వెళ్లలేదు. మూడో సినిమాకి ఆమె పేరే పెట్టారు. 'అడ్డపొగ అత్త' అని గోడల మీద ఆమె బొమ్మ అప్పటికే పడింది. శైలజ తల్లితో మూడు రోజులు పోట్లాడింది, అన్నం మానేసింది. సినిమా అయ్యాక వెళ్తానని తల్లి ఒట్టేసింది. పృథ్వీరాజ్‌తో మాత్రం నోట్లో చిన్న పొక్కు లేచిందని చెప్పింది, అంతే.

ఆఖరి సన్నివేశం విజయనగరంలో ఒక కల్యాణమండపంలో తీశారు. అల్లుడు పీటల మీద పాడుతుంటాడు. అత్త కోపంతో చుట్ట తిరగేసి నోట్లో పెట్టుకుని మీదికొస్తుంది. ఐదోసారి తీస్తున్నప్పుడు నిప్పు తిన్నగా పుండు మీద పడింది. బుల్లమ్మ అరవలేకపోయింది. కళ్లు తేలేసి, రెండు చేతులతో నోరు పట్టుకుని, గుండ్రంగా తిరిగి, పక్కనున్న నీళ్ల గంగాళంలో తల పెట్టేసింది. మండపంలో ఉన్నవాళ్లంతా కడుపులు పట్టుకుని నవ్వారు. చప్పట్లు కొట్టారు. నీళ్లు ఎర్రబడడం మొదట చూసినవాడు ఆనంద్‌కుమారే. అతను కెమెరా వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పృథ్వీరాజ్ ఆమెని తన కారులోనే విశాఖపట్నం పంపించాడు. మర్నాడు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు కూడా.

పరీక్షలో అందరూ భయపడిందే తేలింది. ఆపరేషన్ చేసి పై దవడలో ఎడమ సగం, దాంతో పాటు అంగిలీ తీసేశారు. తర్వాత ముప్పై రోజులు రేడియేషన్ ఇచ్చారు, ఊళ్లోవాళ్లు కరెంటు పెట్టడం అంటారు దాన్ని. నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు లేకుండా పోయింది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. ఆ కంత మూయడానికి కట్టుడు పళ్లలాంటి బిళ్ల ఒకటి చేసిచ్చారు. అది పెట్టుకుంటే మాట సగం అర్థమయ్యేది, తీసేస్తే అసలు అర్థమయ్యేది కాదు. ఎడమ బుగ్గ లోపలికి పడిపోయింది. ఇక పాట సంగతి చెప్పేదేముంది?

సినిమాలో ఆమె మాటలు ఇంకా రికార్డు చెయ్యాల్సి ఉంది. వేరే ఆమెచేత చెప్పించి పూర్తి చేశారు.

సినిమా విడుదలయ్యాక మూడో రోజు, మార్నింగ్ షోకి తీసుకెళ్లమని బుల్లమ్మ కూతుర్ని అడిగింది. శైలజ వద్దంది. తల్లి చీర మార్చుకుని అరుగు మీద కూర్చుంది, ఇక కదల్లేదు. చివరికి ఇద్దరూ ఆటో ఎక్కి ఆమదాలవలస వెళ్లారు. బుల్లమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని వెనక వరసలో కూర్చుంది. తెర మీద తన పెదాలు కదులుతుంటే ఎవరిదో సన్నని గొంతు వినపడుతోంది.  ఆఖరికి కల్యాణమండపం వచ్చింది. గంగాళం వచ్చింది. తీసేస్తారనుకున్నదాన్ని తీయలేదు సరికదా, దానికి డోలు చప్పుడు తగిలించి, మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించారు. హాలు హాలంతా ఈలలు. ముందు వరసలో ఒక ముసలాయన నవ్వలేక దగ్గు తెరలో పడిపోయాడు. శైలజ లేచి తల్లి చెయ్యి పట్టుకు లాగింది. బుల్లమ్మ లేవలేదు. అయిపోయేదాకా చూసింది.

ఆ వారంలోనే పృథ్వీరాజ్ పళ్లూ, చీరా పట్టుకుని వాళ్లింటికొచ్చాడు. ఆమె బుగ్గ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లు కావు. ఏం కావాలన్నా చేస్తానన్నాడు. బుల్లమ్మ బిళ్ల సరిచేసుకుని, ఒక్కొక్క మాటే నిదానంగా పలికింది.

"గంగాళం కాడిది తీసీ, బాబూ."

"అత్తా, దాని కోసరమే జనం రెండోపాలి వస్తన్నారు. ఫోన్లలోకి కూడా ఎలిపోనాది. ఇప్పుడది నా సేతిలో నేదు."

"నాకు నొప్పెట్టిందని నీకు తెల్దా?"

పృథ్వీరాజ్ తల వంచుకున్నాడు. వాకిట్లో కోడిపిల్లల వైపు చూశాడు. 

"తెలుసు."

 అతను వెళ్లాక శైలజ ఆ చీర తీసుకెళ్లి పెరట్లో తగలెయ్యబోతే, వద్దని వారించి, తన తోటికోడలు అసిరమ్మకి ఇప్పించింది. చీర ఏం చేసిందే, అని చేత్తో సైగ చేసింది.

ధనలక్ష్మి అప్పటికి చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లని కూర్చోబెట్టి చుట్ట గురించి చెబుతుండేది. ఎవరూ వినేవారు కాదు. మా అమ్మ కాల్సినాది, మా మామ్మ కాల్సినాది, ఎనబయ్యేళ్లు బతికినారు అనేవారు. ఒకరోజు బుల్లమ్మ తానూ వస్తానంది. రమ్మని అడగడానికి ధనలక్ష్మికి నోరు రాలేదు, బుల్లమ్మే అడిగింది.

మొదటి ఊళ్లో ఆమె అడుగుపెట్టగానే అందరూ గుర్తుపట్టారు. అడ్డపొగ అత్త వచ్చిందని పిల్లలు కేరింతలు కొట్టారు. ఆడవాళ్లు ముందే నవ్వడం మొదలుపెట్టారు. బుల్లమ్మ కొంగు తీసింది. నోట్లో చెయ్యి పెట్టి బిళ్ల బయటికి తీసి, ధనలక్ష్మి చేతిలో పెట్టి, నోరు తెరిచి ఒక్కొక్కరి ముందూ వంగింది. వెనకున్నవాళ్లకి నవ్వు తగ్గడానికి కొంచెం టైము పట్టింది. ముందున్నవాళ్లు అప్పటికే ముఖాలు తిప్పుకున్నారు. ఒకామె లేచి గోడ పక్కకెళ్లి వాంతి చేసుకుంది.

అలా ఆమె పదకొండు ఊళ్లు తిరిగింది. చుట్ట మానేసినవాళ్లు కొందరు, మాననివాళ్లు ఎక్కువమంది. అసిరమ్మే మానలేదు, పెరట్లో చాటుగా కాల్చేది. ఒక ఊళ్లో మాత్రం మీటింగయ్యాక జగ్గమ్మ అనే యాభై ఏళ్ల మనిషి ఆగిపోయింది. అందరూ వెళ్లేదాకా స్తంభానికి ఆనుకుని ఉండి, దగ్గరికొచ్చి, మాట్లాడకుండా నోరు తెరిచింది. ధనలక్ష్మి టార్చి వేసింది. తెల్లటి మచ్చలు ఉన్నాయి, పుండింకా పడలేదు.

జగ్గమ్మ వెళ్లనంది. కొయ్యించుకుని అలా బతకడం కంటే చావడం నయమంది, బుల్లమ్మ ముఖం చూస్తూనే అంది. బుల్లమ్మకి కోపం రాలేదు. బిళ్ల పెట్టుకుని చెప్పింది.

"నాను ఏడాది ఆగినాను. అందుకే ఇలాగున్నాను. నువ్వు ఆగకు. నాను కూడా వస్తాను."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఆమదాలవలస స్టేషన్‌లో రైలెక్కి విశాఖపట్నం వెళ్లారు. జగ్గమ్మకి ముక్క తీస్తున్నంతసేపూ బుల్లమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. కోత అవసరం పడలేదు. చుట్ట మానేసి, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలన్నారు.

బుల్లమ్మకే అదృష్టం లేకపోయింది. ఫాల్గుణంలో మెడ కింద గడ్డ తేలింది. మళ్లీ కోస్తామన్నారు, ఆమె వద్దంది. వైశాఖంలో ఒక మధ్యాహ్నం, శైలజ నోట్లో కొబ్బరినీళ్లు పోస్తుండగా ప్రాణం పోయింది. యాభై తొమ్మిదేళ్లు.

కబురు తెలిసి పృథ్వీరాజ్ వచ్చాడు. దండ తెచ్చాడు, చెప్పులు వీధిలోనే విడిచి లోపలికొచ్చాడు. కానీ అతను వచ్చాడని తెలిసి ఊరూ, పక్క ఊరూ వీధిలోకి వచ్చేశాయి. ఫోన్లు పైకి లేచాయి. అరుగెక్కి, కిటికీ ఊచలు పట్టుకుని, పాట పాడమని అడిగినవాళ్లూ ఉన్నారు. తోపులాటలో శవం తలాపున పెట్టిన దీపం ఒరిగిపోయింది. శైలజ దాన్ని నిలబెట్టి, లేచి అతని ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"నువ్వెలిపో బాబూ. నువ్వుంటే మా అమ్మనెవరూ సూడరు."

పృథ్వీరాజ్ దండ గుమ్మం పక్కన పెట్టి బయటికి నడిచాడు. కాలువ గట్టు మీద నిలిపిన కారు దాకా జనం అతని వెనకే వెళ్లారు, కారు కదిలాక కూడా కొంతమంది పరుగెత్తారు. ఇంటి ముందు ఎనిమిది మంది మిగిలారు. పాడె మోయడానికి మగవాళ్లు ముగ్గురే ఉన్నారు. నాలుగో కొమ్ము ఎవరు పడతారని చూస్తుంటే, జగ్గమ్మ కొంగు నడుముకి చుట్టుకుని వచ్చి భుజం పెట్టింది. ఆడవాళ్లు మొయ్యకూడదని ఎవరో గొణిగారు. ఆమె వినిపించుకోలేదు.